శుక్రవారం మోగని విల్లు

1958 జనవరి తొమ్మిది, గురువారం. ఆ సాయంత్రం మేమిద్దరం జొన్నరొట్టె, వేరుశనగ ఊరిబిండి తిన్నాం. రొట్టె నేనే తట్టాను. అంచులు ఎప్పటిలాగే పగిలాయి. అలివేలుకు అప్పుడు నాలుగేళ్ళు. పగిలిన అంచులే తనకు కావాలని అడిగి, పాలలో నానబెట్టించుకొని తినేది. వంట సరిగా రాని తండ్రికి అలాంటి కూతురు దొరకడం చిన్న సంగతేమీ కాదు.

తిన్నాక దాన్ని మంచం మీద పడుకోబెట్టి లాంతరు ఒత్తి తగ్గించాను. గోడ అవతల నూరుల్లా దూది ఏకుతున్నాడు.

మేము ప్రొద్దుటూరులో పత్తి అంగళ్ళ వెనక సందులో అద్దెకుండేవాళ్ళం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టరును. పక్క వాటాలో నూరుల్లా, అతని భార్య మాబున్ని ఉండేవారు. పరుపులకు, బొంతలకు దూది ఏకడం వాళ్ళ పని. దూలానికి తాడు కట్టి, నిలువెత్తు విల్లును అడ్డంగా వేలాడదీసి, దాని మేకనరాన్ని దూదికుప్పలో ఉంచి కొయ్యగుండుతో కొడితే, నరం ఒక్కసారి గట్టిగా పలికి, తరువాత చాలాసేపు సన్నగా మూలిగేది. ధుం... ఝుయ్... ధుం, ధుం... ఝుయ్. మా రెండు వాటాల నడిమి గోడ పైకప్పు దాకా లేదు. పైన మూరెడు సందు. ఆ సందులోంచి ఆ మోత మా గదిలోకి వచ్చేది.

మా ఆవిడ అనసూయ బతికున్నప్పుడు ఆ మోతకే పిల్లను నిద్రపుచ్చేది. "మామ మబ్బును ఏకుతాండాడు. ఏకడం అయిపోతే మబ్బు ఎగిరిపోతాది. ఆ లోపల కండ్లు మూసుకోవాల" అని చెప్పేది. అంతకు ముందటేడు ఆమె టైఫాయిడ్‌తో పోయింది. ఆ తరువాత అలివేలుకు నిద్ర అంటే ఆ విల్లు ఒక్కటే. ఒకసారి నేను జోల పాడబోతే, "వద్దు నాయనా" అని నా నోటిమీద చెయ్యి పెట్టింది.

ఆ గురువారం కూడా అది విల్లు మోతలోనే నిద్రపోయింది. రాత్రి ఒంటిగంటకు నాకు ఏదో సన్నటి ఈల వినిపించింది. కిటికీలోంచి గాలేమో అనుకున్నాను. గాలి కాదు. ఆ ఈల నా కూతురి రొమ్ములోంచి వస్తోంది. అది లేచి కూర్చొని, రెండు చేతులూ మంచం పట్టెమీద ఆనించి, భుజాలు పైకెత్తి గాలి లాగుతోంది. లాగిన ప్రతిసారీ గొంతు కింది గుంట లోపలికి పోతోంది. ఏడవడానికి కూడా దానికి ఊపిరి లేదు. నావైపు చూస్తోంది, అంతే. ఆ చూపు ఈనాటికీ నాకు కలలో వస్తుంది.

నేనేం అరిచానో తెలియదు. మాబున్ని వేడినీళ్ళ చెంబుతో వచ్చింది. పిల్లను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకొని, ఆవిరి పట్టించి, వీపు రాస్తూ తెల్లవార్లూ ఉంది. తెల్లవారేసరికి ఈల తగ్గింది.

"ఉబ్బసం మాదిరి ఉండాదన్నా," అంది మాబున్ని. "మా అమ్మకూ ఇట్లే వచ్చేది." వాళ్ళమ్మకు ఏమైందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

అప్పటినుంచీ నాకు రాత్రులంటే భయం పట్టుకుంది. ఊళ్ళో డాక్టరు మందునీళ్ళిచ్చి, పిల్లకు మంచి నిద్ర అవసరమన్నాడు. నేను ఒక బడి పుస్తకంలో ఊపిరాడని ఆ దమ్ము వచ్చిన ప్రతి రాత్రినీ రాసుకోసాగాను. తేదీ, వారం, గంట, ఆ పూట ఏం తిన్నదీ. జనవరిలో ఐదుసార్లు వచ్చింది. పెరుగు మానేశాను. అరటిపండు మానేశాను. చన్నీళ్ళు ముట్టనివ్వలేదు. ఫలితం లేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది శుక్రవారం. ఆ రోజు నూరుల్లా పని చేయడు. విల్లు మోగదు. అలివేలు పదకొండు దాకా పొర్లుతూ, సణుగుతూ, నా మీసాలు లాగుతూ మేలుకొనే ఉండేది. నిద్ర చాలకే దానికి దమ్ము వస్తోందని, శుక్రవారం చెడిన నిద్రే మిగతా వారమంతా దాన్ని పీడిస్తోందని నేను తీర్మానించుకున్నాను. లెక్కల మాస్టరును కదా, కారణం దొరికిందనుకున్నాను.

ఒకరోజు నూరుల్లా గడప దగ్గర నిలబడి అడిగాను, "సాయంత్రం ఇంకో గంట ఎక్కువ ఏకుతావా, నూరుల్లా?"

"ఏంది సారూ! చెవులు పగిలిపోతాండాయని ఇప్పటికే మా ఆడది నన్ను తిడతాంది. నువ్వు ఇంకో గంట కొట్టమంటాండావు."

లోపలినుంచి మాబున్ని అందుకుంది. "పాప పండుకునేదానికైతే రెండు గంటలు కొట్టమనన్నా. ఈయప్ప మోత వినీ వినీ నాకెట్లా చెవుడొచ్చె."

"చెవుడొచ్చినా నేను ఒక మాటంటే మాత్రం వినపడతాది సారూ," అన్నాడు నూరుల్లా.

ఆ మరుసటి రోజునుంచీ విల్లు ఇంకో గంట ఎక్కువ మోగింది. దమ్ము తగ్గలేదు. అయినా నా లెక్క నేను మార్చుకోలేదు. పెళ్ళివారి పరుపులు రెండు వచ్చి అతని గది చాలకపోతే, మా వసారాలో కూర్చొని ఏకమని నేనే పిలిచాను.

"మీ వసారా అంతా తెల్లగవుతాది సారూ, ముసలోని తలకాయ మాదిరి," అన్నాడతను.

"ఊడ్చుకుంటాలే."

అది ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. అలివేలు సంతోషం ఇంతా అంతా కాదు. గడపమీద కూర్చొని చూసింది. ఎగిరిన దూది దాని జుట్టుమీద, కనురెప్పలమీద వాలింది. "నాయనా, మబ్బు నామీద పడింది!" అని చేతులు చాచి పట్టుకోబోయింది. కాసేపటికి అక్కడే, గడపమీదే, తల వాల్చి నిద్రపోయింది. ఎత్తుకొని మంచం మీద వేశాను. అనసూయ పోయాక అంత నెమ్మదిగా గడిచిన సాయంత్రం నాకు మరొకటి గుర్తులేదు.

ఆ రాత్రి వచ్చిన దమ్ము అంతకుముందు వచ్చినవాటిలాంటిది కాదు. పన్నెండుకు ముందే మొదలైంది. మూడుగంటలకు పెదవులు నీలంగా మారాయి. గోళ్ళు కూడా. పిలిస్తే పలకడం మానేసింది. నేను దాన్ని భుజాన వేసుకొని బస్టాండుకు పరిగెత్తాను. నూరుల్లా దుప్పటి పట్టుకొని వెంట వచ్చాడు. ఊళ్ళో డాక్టరు ఆ రోజు కడపకు వెళ్ళి ఉన్నాడు. జమ్మలమడుగుకు మొదటి బస్సు నాలుగున్నరకు. డ్రైవరు పిల్లను చూశాడు. ముందు సీటు ఖాళీ చేయించాడు. దారి పొడవునా గుంత వచ్చినచోటల్లా బస్సును మెల్లగా దించాడు, చేతిలో నూనెగిన్నె ఉన్నవాడిలా. పేరైనా అడగలేదు నేను.

జమ్మలమడుగు ఆసుపత్రిలో సూది వేశారు. రెండోది కూడా వేశారు. పదిగంటలకు అలివేలు కళ్ళు తెరిచి "మామ ఏడీ?" అంది. నేను వరండాలోకి వెళ్ళి స్తంభాన్ని పట్టుకొని నిలబడ్డాను.

అక్కడి డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. నా పుస్తకం తీసుకొని పేజీలు తిప్పింది. చదువుకున్నవాడిని కదా, మెచ్చుకుంటుందేమో అనిపించింది నాకు. ఆమె వేలితో వారాల వరుస మీద కిందిదాకా వచ్చి ఆగింది.

"శుక్రవారం రాత్రి ఒక్కటీ లేదండీ. శుక్రవారం మీ ఇంట్లో ఏం చేస్తారు?"

"మేమేమీ చేయం. పక్కింట్లో విల్లు..." అని ఆగిపోయాను.

మిగతాది చెప్పనక్కరలేకపోయింది. ఆమె లేచి వెళ్ళి అలివేలు జడలోంచి ఒక దూదిపింజ తీసి నా అరచేతిలో పెట్టింది. "ఈ నుసి పడదు మీ అమ్మాయికి. నిన్నటిలాంటిది ఇంకోసారి వస్తే ఇంత దూరం తీసుకురాలేరు." పుస్తకం నాకిచ్చి అంది, "ఏడవనివ్వకండి కూడా. ఏడ్చినా దమ్ము కడుతుంది. బాగా నిద్రపోనివ్వండి."

నా వేలి కింద ఐదు వారాలుగా ఉన్న సంగతి. చూడలేదు. పిల్ల నిద్రపోని రాత్రి అని నేను వణికిన ఆ శుక్రవారమే దానికి ఊపిరి ఆడిన రాత్రి.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరాం. పిల్లకు బాగాలేదని అంతకుముందు వారం నేను రాసిన ఉత్తరం అంది, పులివెందుల నుంచి మా అక్క భారతమ్మ వచ్చి ఉంది. డాక్టరమ్మ చెప్పింది విని ముక్కుమీద వేలేసుకుంది.

"బి.ఏ. చదివినావు గాని ఏం లాభంరా! బిడ్డకు గిట్టనిదాన్ని పిల్చుకొచ్చి వసారాలో పెట్టుకున్నావే. ఇంటాయనకు ఒక్క మాట చెప్పు. రేపటికల్లా వాళ్ళతో ఇల్లు ఖాళీ చేపిస్తాడు."

"వాళ్ళేం చేశారక్కా? నేనే కదా పిలిచింది. ఇంకెక్కడికి పోతారు వాళ్ళు?"

"యాడికన్నా పోనీ. ఆ ఇల్లు నీది కాదు సరే, బిడ్డ నీదే కదా?"

లేచి తువ్వాలు తడిపి గోడలు తుడవడం మొదలుపెట్టాను. పరుపు తీసేసి చాప వేశాం. గోడమీది సందును పాత గోనెసంచులతో మూశాను.

శనివారం పొద్దున చూస్తే నూరుల్లా గది ఖాళీగా ఉంది. విల్లు లేదు, దూదిమూటలు లేవు. మాబున్ని నేల కడిగి, గోడలకు నీళ్ళు చల్లి గీకుతోంది. ఆమెకు ఐదో నెల. ఒక చెయ్యి నడుముకు ఆనించుకొని, ఇంకో చేత్తో గీకుతోంది.

"నూరుల్లా ఏడమ్మా?"

"మైదుకూరు దోవలో రేకుల షెడ్డుండాదన్నా. ఆడ ఏకుతాడంట ఇంక."

"నేనింకా మీకు చెప్పనే లేదు కదా."

"మీ అక్క గొంతు చిన్నదేం కాదు గదన్నా," అంది. నవ్వింది గాని, ఆ నవ్వులో భయం కనిపించింది. "ఇంటాయనకు చెప్పొద్దన్నా. ఈ కడుపుతో ఇంకో ఇల్లు ఎతుక్కోలేను."

చెప్పనని ప్రమాణం చేశాను.

మా సందు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. శనివారం రాత్రి అలివేలు "మామను పిల్చు" అని ఏడుపు అందుకుంది. అక్క జోల పాడింది. కథ చెప్పింది. చివరికి రాగిచెంబును గరిటెతో కొట్టింది. పిల్ల ఒక్క క్షణం ఆగి చూసి, "అత్తకు రాదు" అని మళ్ళీ ఏడ్చింది. ఏడుపు ముదిరేకొద్దీ రొమ్ములో ఈల మొదలైంది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేశాం. రెండుగంటలకు సొమ్మసిల్లినట్లు పడిపోయింది. ఆదివారం రాత్రి ఈల ఎనిమిదింటికే వచ్చింది. మాత్ర వేసినా తెల్లవార్లూ తగ్గలేదు. దూది వద్దు, ఏడుపూ వద్దు అంది డాక్టరమ్మ. ఒకటి మానితే రెండోది వచ్చి కూర్చుంది. సోమవారం పొద్దున అలివేలు ముఖం చూస్తే, కళ్ళ కింద నల్లగా, మూడు రోజుల్లో ముసలిదైపోయినట్లుంది. ఇంకొక్క రాత్రి ఇలా గడిస్తే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది.

బడికి సెలవు పెట్టి రేకుల షెడ్డుకు నడిచాను. నూరుల్లా కొయ్యగుండు పక్కన పెట్టి, దూరంగా వచ్చి ఒంటిమీది దూది దులుపుకొని నిలబడ్డాడు.

"దూది లేకుండా ఒట్టి విల్లు కాసేపు మోగిస్తావా, నూరుల్లా? పాప నిద్రపోయేదాకా."

అతని ముఖం మారిపోయింది.

"ఒట్టి నరం కొట్టకూడదు సారూ మా ఇంట్లో. మా తాత పోయిన పొద్దు మా నాయన కొట్టినాడు. మా నాయన పోయిన పొద్దు నేను కొట్టినా. పీనుగ లేచే ముందర ఒక్కతూరి, అంతే. మా అన్న చిన్నప్పుడు తెలీక ఆటకు కొట్టినాడంట. ఆ నెల్లోనే మా చెల్లెలు..." అని ఆపాడు. "మాబున్నికి ముందు రెండు కానుపులు నిలవలేదు సారూ. నీకు తెలుసు గదా."

తెలుసు. నా బిడ్డ కోసం అతని బిడ్డను అడిగినట్లయింది. "వద్దు. నేను అడగలేదనుకో," అని వెనక్కి తిరిగాను. సగం దారిలో చెట్టు కింద కూర్చుండిపోయాను. అలాంటివి నేను నమ్మను. కానీ అతన్ని నమ్మవద్దని చెప్పే నోరు నాకు ఎక్కడిది?

ఆ రాత్రి ఏడున్నరకే ఏడుపు మొదలైంది. ఎనిమిదికి ఈల. అక్క ఆసుపత్రికని మూట కట్టి తలుపు దగ్గర పెట్టింది. కానీ తెల్లవారేదాకా బస్సు లేదు. ఎనిమిదిన్నరకు పిల్ల గొంతు కింద ఆ గుంట మళ్ళీ లోపలికి పోవడం చూశాను. అక్క ఇక ఏమీ అనడం లేదు. దేవుడి పేర్లు కూడా అనడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు తలుపు తట్టారు.

నూరుల్లా తలస్నానం చేసి, తడి జుట్టుతో, ఉతికిన లుంగీలో ఉన్నాడు. భుజాన విల్లు. దాని కొయ్యను చింతపండుతో తోమినట్లున్నారు, కొత్తదానిలా ఉంది. నరం కూడా కొత్తదే. వెనకాల మాబున్ని, చంకలో గంప. గంపనిండా కడిగిన వేపాకు.

"నువ్వెందుకు వచ్చావమ్మా? నేను వద్దన్నాను కదా."

"ఒట్టి విల్లు కొట్టకూడదన్నారు గాని, దూదే ఉండాలని ఎవురూ అనలేదు గదన్నా," అంది మాబున్ని. "నరం కింద ఏదో ఒకటుండాల. విల్లుకు పనుంటే సాలు."

"మద్దేనం నుంచి ఇద్దరం కొట్లాడుకుంటాండాం సారూ," అన్నాడు నూరుల్లా. "ఈమె గెల్చింది."

గెలిచిన మనిషి ముఖంలా లేదు ఆమెది. కుడిచెయ్యి కడుపుమీద అలాగే ఉండిపోయింది. మా అక్క ఆమెను ఒక క్షణం చూసింది. లేచి తన చాప తెచ్చి గోడవారగా పరిచి, "నిలబడొద్దు, కూచోమ్మా. వీపు గోడకానించుకో" అంది. తరువాత లోపలికి పోయి గోరువెచ్చటి పాలు తెచ్చి ఆమె చేతికిచ్చింది. మూడు రోజుల కిందట ఆమె అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

దూలానికి తాడు కట్టారు. మాబున్ని దోసిళ్ళతో వేపాకు తీసి నరం కింద పోసింది. నూరుల్లా కొయ్యగుండు ఎత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఆపాడు. భార్యవైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకొని తలూపింది.

మొదటి దెబ్బకు ఆకులు చెదిరి గోడకు తగిలాయి. మోత మొరటుగా వచ్చింది. అతను విల్లును ఇంకాస్త దించి, నరం ఆకులను తాకీ తాకనట్లు ఉంచి మళ్ళీ కొట్టాడు. ధుం... ఝుయ్...

అలివేలు ఏడుపు మధ్యలో ఆగింది. ఒక్కొక్క ఊపిరికీ ఆగుతూ అడిగింది, "మామా... మబ్బు... పచ్చగుందే?"

"ఇంకా మాగలేదమ్మా ఇది," అన్నాడు నూరుల్లా, చెయ్యి ఆపకుండా. "పచ్చిది. నువ్వు పండుకో. మాగినాక లేపుతా."

అది ఒప్పుకుంది. నా భుజంమీద తల పెట్టింది. ఈల అలాగే ఉంది. విల్లు మోగుతూనే ఉంది. నేను లెక్కపెడుతున్నాను, నిమిషానికి ఎన్ని ఊపిర్లో. యాభై. కాసేపటికి నలభై ఆరు. తొమ్మిదిన్నరకు ఏడుపు వెక్కిళ్ళు పూర్తిగా పోయాయి. పదికి నిద్రపోయింది. గొంతు కింది గుంట పూడింది.

కానీ పిల్ల నిద్రపోవడం కాదు, మొదటిసారి దమ్ము వచ్చిన ఆ ఒంటిగంట దాటడం మాకు కావలసింది. నూరుల్లా వెళ్ళిపోతానని అనలేదు. చెయ్యి మార్చుకొని, మెల్లగా, ఇంకా మెల్లగా కొడుతూ ఉన్నాడు. అక్క కూర్చున్నచోటే కునికింది. దూరంగా ఖజానా దగ్గర గంట పన్నెండు కొట్టింది. నేను భుజంమీది పిల్ల వీపుకు చెవి ఆనించి ఉన్నాను. ఒకచోట చిన్న కీచుమన్న చప్పుడు. నూరుల్లా చెయ్యి గాలిలో ఆగింది. అలివేలు ఒక్కసారి దగ్గి, నా భుజంమీదే తల పక్కకు తిప్పి, నోరు మూసుకొని ముక్కుతో ఊపిరి తీసింది. నోరు మూసుకొని! దమ్ము కట్టిన పిల్లకు అది సాధ్యం కాదు.

"అన్నా," అంది మాబున్ని, చాలా మెల్లగా. "నా బిడ్డకేమీ కాదు గదా?"

నేను కాలేజీలో చదువుకున్నవాణ్ణి. ఏమీ కాదని, అవన్నీ మాటలని చెప్పవచ్చు. కానీ ఆమె ఆ భయాన్ని తీసుకొనే మా గడప దాటింది. దాన్ని ఒక్క మాటతో తీసిపారేస్తే ఆమె చేసింది చిన్నదవుతుందనిపించింది.

"నాకు తెలియదమ్మా."

"నాకూ తెల్దు," అంది. అని చాపమీదినుంచి లేవడానికి నా చెయ్యి పట్టుకుంది.

ఆ జూన్ నెలాఖరులో ఆమెకు కొడుకు పుట్టాడు, నిలిచాడు. ఆ సంగతి ఆ రాత్రి మాలో ఎవరికీ తెలియదు.

గంట ఒంటిగంట కొట్టింది. మా ఇంట్లో ఏమీ జరగలేదు. నూరుల్లా విల్లు దించి, తాడు విప్పి, భుజం రుద్దుకున్నాడు. మాబున్ని వంగలేక వంగి, చెదిరిన ఆకులన్నీ ఏరి గంపలో వేసుకుంది. నేను లేవబోతే వద్దని సైగ చేసింది. నా భుజంమీద పిల్ల ఉంది.

"రేపు రాత్రి మళ్ళీ వస్తాడన్నా ఈయప్ప," అని గుసగుసగా చెప్పింది.

ఇద్దరూ గడప దాటారు. బయటినుంచి మాబున్ని రెండు తలుపులనూ దగ్గరికి తీసి, కీలు కిర్రుమనకుండా కాస్త పైకెత్తి పట్టుకొని, మెల్లగా మూసింది.